యాప్ నేర్పిన మర్యాద

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఝార్ఖండ్ నుంచి వచ్చి, ఇక్కడొక పల్లె ఆసుపత్రిలో నర్సుగా చేస్తోందట. ఆన్‌లైన్ తెలుగు పాఠాలు సరిచూడటం నా ఉద్యోగమని చెప్పగానే, తను తెలుగు నేర్చుకునే యాప్ తెరిచి ఫోను నా ముందు పెట్టింది. ఆ యాప్ మాది కాదు.

"మేడమ్, ఇది తప్పా?"

తెరమీద ఇలా ఉంది: "ఎవరింటి నుంచి బయల్దేరినా 'వెళ్ళొస్తాను' అనడం తెలుగువారి మర్యాద."

ఆసుపత్రిలో తను చూసుకున్న ఒక పాప చనిపోతే ఆ ఇంటికి పరామర్శకు వెళ్ళిందట. లేస్తూ పాప అమ్మమ్మ చేయి పట్టుకుని ఆ మాటే అన్నదట.

"ఏందే, మళ్ళీ వస్తావా? ఇంకెవురున్నారే ఈ ఇంట్లో పోవటానికి?" అని ముసలమ్మ చేయి విదిలించుకుందట. అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరూ ఈ అమ్మాయి చేత సూది వేయించుకోవడం లేదు.

"మాట తప్పు కాదమ్మా. చావింట్లో మాత్రం అనరు. చెప్పకుండానే లేచి వెళ్ళిపోతారు," అన్నాను.

"అది ఇందులో లేదు కదా, మేడమ్."

నిజమే, లేదు. ఆ ఫోనులోనే, తప్పులు తెలిపే చోట అంతా వివరంగా రాసి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "పరిశీలించాం. వాక్యం సరిగానే ఉంది. ధన్యవాదాలు."

మనిషెవరూ చదివి ఉండరు. ఇలాంటి జవాబులు మా ఆఫీసు నుంచీ రోజూ పోతూనే ఉంటాయి.

గురజాల వచ్చింది. ఆ అమ్మాయి లేచి, నాతో ఏదో చెప్పబోయి ఆగింది. చావింటి నుంచి వెళ్ళినట్టు, ఒక్క మాటా లేకుండా దిగిపోయింది.