బక్కయ్య మీద వారంటు

1958. నల్లగొండ కలెక్టరు కచ్చేరీలో నేను రికార్డ్ కీపర్ని. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. చదవగలిగినవాళ్లు తగ్గిపోతుంటే ఆ దుమ్మంతా నా నెత్తిన పడింది. తిరగబడ్డ ఊళ్లను మొదట నిజాం సర్కారు, తర్వాత ఢిల్లీ సర్కారు ఎలా అణిచాయో ఆ బస్తాల్లో ఉంది. గుడ్డలో కట్టిన ఫైళ్ల మూటను మేము బస్తా అంటాం.

ఒకరోజు మర్రిగూడ వైపు నుంచి సాయమ్మ అనే రైతు మనిషి వచ్చింది. భర్త బక్కయ్య కమ్యూనిస్టుల దళంలో చేరి అడవి పట్టాడు. అతన్ని ‘అబ్‌స్కాండర్’ అని, అంటే పరారీలో ఉన్న ముద్దాయి అని రాసి, చెలక జప్తు చేశారు. అతను చనిపోయాడని తేలితేనే భూమి ఆమెకు దక్కుతుంది. తహసీల్దారు ఆమె చేతులు చూసి ఎగతాళి చేశాడట: “గాజులేసుకున్నవు, మట్టెలున్నయి. మొగడు సచ్చిండంటే ఎట్ల నమ్మాలె?”

“పీనుగను సూడకుంట గాజులెట్ల తీస్త సాయిబూ? మా కులపోళ్లు ఒప్పుకోరు,” అంది నాతో. “ఉన్నడో లేడో మీ కాయితాలల్ల జర సూడున్రి.”

పరారీల బస్తాలో బక్కయ్య ఉన్నాడు. ఏటేటా అతని మీద వారంటు తిరగరాస్తూనే ఉన్నారు. వెంట హులియా, అంటే ఆనవాళ్ల చీటీ ఉంది: ఎడమ కాలి చిటికెన వేలు లేదు.

లావారిసు బస్తా, అంటే ఎవరూ వచ్చి అడగని శవాలది, వేరే అల్మారాలో ఉండేది. ఒకటి పట్టుకోవాల్సినవాళ్లది, ఒకటి ముగిసిపోయినవాళ్లది. రెంటినీ కలిపి చూసే ఆనవాయితీ మా దగ్గర లేదు. ఎందుకో అదీ విప్పాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని పాలమూరు పోలీసులు పంపిన చీటీ ఒకటి దొరికింది. అచ్చంపేట అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన, పేరు తెలియని మనిషి. ఎడమ కాలి చిటికెన వేలు లేదు.

“అమ్మా, ఆయన గొంగడికి మాసిక ఉండెనా?” అని అడిగాను.

“ఉండె. ఎర్రది. నా లగ్గం చీర కొంగు సింపి నేనే కుట్టిన.”

చీటీలోనూ అదే ఉంది. చదివి వినిపించాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. “పూడ్చిన్రా, కాలవెట్టిన్రా?” అంది. అది రాసి లేదు.

సర్కారు తానే చంపిన మనిషిని ఏళ్ల తరబడి వెతుకుతోంది! నాకు ఒళ్లు మండింది. రెండు చీటీలూ జతచేసి పైకి నోటు పెట్టాను. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి నన్ను పిలిపించాడు. చెడ్డవాడేం కాదు.

“సాయిబు గారూ, ఇది ఒప్పుకుంటే ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు అని తవ్వాలి. మనకెందుకండీ?” అని, ‘మరణం రుజువు కాలేదు’ అని సంతకం పెట్టాడు.

జవాబు కోసం వచ్చిన సాయమ్మ చేతులు బోసిగా ఉన్నాయి. ఆ చీటీ మాట మీదే కులపోళ్లు గడ్డిబొమ్మ చేసి దహనం చేశారట. ఉత్తర్వు చదివి చెప్పాను.

“సర్కారుకు సాలలేదా?”

“సాలలేదమ్మా.”

“మాకు సాలింది,” అని లేచి వెళ్లిపోయింది. చెలక సర్కారుదే అయింది.

మరుసటి ఏడు వారంటు మళ్లీ బయల్దేరింది. జవాను ఆమె వాకిట్లో నిలబడి, “నీ మొగడు ఇంటికొస్తున్నడా?” అని అడిగి, ‘దొరకలేదు’ అని రాసుకొచ్చాడు. దాన్ని నేనే పరారీల బస్తాలో కట్టాను. కాగితం దొరికితే న్యాయం దొరుకుతుందని అప్పటిదాకా నమ్మినవాణ్ని. ఆ తర్వాత ఎవరు వచ్చి అడిగినా వెతికి పెట్టాను గానీ, ఆశ మాత్రం పెట్టలేదు.