ఊడ్చిన ఇల్లు

పొద్దున చీపురు తీయబోతూ, ఫోన్లో తమ్ముడి కువైట్ టికెట్టు చూసి ఆగిపోయాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. హైదరాబాదులో ఆమె విమానం ఎక్కేసరికి, రేపల్లెలో మా ఇల్లంతా సర్దుళ్ల చెత్త. తాళ్ల ముక్కలు, కాగితాలు, రాలిన కారప్పూస. ఊరెళ్లిన మనిషి చేరేదాకా ఇల్లు ఊడవకూడదని అమ్మమ్మ పట్టుదల.

టికెట్టు నకలు నా దగ్గరుంది. బయలుదేరేది పది, చేరేది పన్నెండుంపావు. గోడ గడియారంలో పన్నెండున్నర కాగానే అరిచాను.

"అమ్మ దిగిపోయింది, అమ్మమ్మా!"

"సరిగ్గా చూశావటే?"

"టికెట్టులో ఉందిగా!"

అమ్మమ్మ ఇల్లు ఊడ్చి, చెత్త వీధి చివర పోసొచ్చింది.

దిగగానే చేస్తానన్న ఫోను ఒంటిగంటకీ రాలేదు, రెండింటికీ రాలేదు. తెనాలి మీదుగా బెజవాడ పోవడానికే రెండుంపావు గంటలు చాలవు, సముద్రం అవతలికి ఎలా చాలుతాయి? అది అప్పుడు తట్టింది. అమ్మ ఇంకా గాల్లోనే ఉంది, నేను ఇల్లు ఊడ్పించేశాను.

వీధి చివరికి పరిగెత్తాను. దొరికిన కాగితాలూ తాళ్లూ గౌను నిండా తెచ్చి గదిలో చల్లుతుంటే అమ్మమ్మ చూసింది. తిట్టలేదు. పక్కన కూర్చుని తనూ చల్లింది.

మూడింటికి ఫోను మోగింది.

"ఇప్పుడే దిగానే. ఇక్కడ పన్నెండున్నరే అయింది!"

ఆ రెండు గడియారాల లెక్క ఇప్పుడు నాకు బాగా తెలుసు. తమ్ముడి విమానం దిగిందని ఫోను కూడా చూపిస్తోంది. అయినా చీపురు మూలన పెట్టి, వాడి గొంతు కోసం కూర్చున్నాను.