నాలుగో మాట ఎవరిది

వడమాలపేటలో జోయల్‌ను పాస్టరని పిలిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు పుత్తూరులో మోటార్లు బాగుచేసే అంగడి యజమాని మునిశేఖర్, ఎగతాళికి. ఇంకొకరు జోయల్ తల్లి తిరుమలమ్మ, మురిపెంగా. మిగిలినవాళ్ళందరికీ అతను జోయలన్న. వారంలో ఆరు రోజులు మునిశేఖర్ దగ్గర కాలిపోయిన బోరు మోటార్లు విప్పి కొత్తగా రాగి తీగ చుడతాడు. ఆదివారం పూట రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన చర్చిలో యువకుల కూటం నడుపుతాడు. తిరుపతి నుంచి వచ్చి పోయే పెద్ద అయ్యగారు ఆ బాధ్యత అతనికి అప్పజెప్పి తొమ్మిదేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళు నిండినా ఇంకా యూత్ పాస్టరేందని భార్య రెబెకా నవ్వుతుంది. ముందువైపు జుట్టు పలచబడుతున్న సంగతి గుర్తు చేసేదీ ఆమే.

ఆ చర్చికి జోయల్‌ను చంకనెత్తుకుని మొదట వచ్చింది తిరుమలమ్మ. బాప్తిస్మం రోజున పేరు మార్చుకోమని ఎవరో అంటే, "ప్రభువు నన్ను పిల్చింది ఈ పేరుతోనే గదయ్యా, ఇప్పుడు మారిస్తే మళ్ళా యాడ ఎతుక్కుంటాడు" అందట. ఆ మాటతో అయ్యగారే నవ్వి ఊరుకున్నారు. తండ్రి మునస్వామి మాత్రం ఏనాడూ లోపలికి రాలేదు. ప్రతి ఆదివారం భార్యనూ కొడుకునూ సైకిలు మీద తెచ్చి దించి, గుమ్మం ఎదుట వేపచెట్టు కింద రాతి మీద కూర్చునేవాడు. ఆరాధన అయ్యేదాకా రెండు బీడీలు. ఇంటికి పోయేటప్పుడు, "ఈ పొద్దు అయ్యగారు చానాసేపు చెప్పినాడే" అనేవాడు. అంటే అంతా విన్నాడన్నమాట. చనిపోయేదాకా ఆ రాయి దాటి రాలేదు. గుమ్మం బయట కూర్చున్నవాళ్ళను ఏమని లెక్కపెట్టాలన్న ప్రశ్న జోయల్‌కు చిన్నప్పటి నుంచీ ఉంది. పరిచర్యలోకి వచ్చిందే దానికోసమని ఒక్కోసారి అనుకునేవాడు.

కానీ తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న కాస్త కిందికి జరిగింది. కూటాలు, పాటల పోటీలు, యువకుల శిబిరాలు, వాట్సాప్‌లో ప్రార్థన గ్రూపు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు ఇంటర్వ్యూకు పోతున్నా జోయల్ గ్రూపులో పెడతాడు. నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరస కడతాయి. అది చూస్తే అతనికి కడుపు నిండేది. పరిచర్య అంటే ఇదే గదా, ఒకరి భారం అరవై మంది మోయడం.

ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో మూడో వారం. ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుడుతుంటే జెస్సీ వచ్చి నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. తిరుపతిలో ఒక మందుల అంగట్లో బిల్లులు కొడుతుంది. సంఘంలో పాటలు నడిపించేది ఆమే. బస్టాపు దగ్గర ఇడ్లీలమ్మే వాళ్ళమ్మ పోయిన ఏడు కిడ్నీల జబ్బుతో చనిపోయింది. తండ్రి లేడు. అవ్వతో ఉంటుంది.

"అన్నా, ఒక మాట చెప్పాల. నేనింక పాటలు నడిపించలేను."

"యాలమ్మా, గొంతు బాగలేదా?"

"గొంతుకేమి, బాగనే ఉండాది." చాప అంచు పట్టుకుంది. "పాట నోట్లోనే ఉండాదన్నా. ఫ్యాను తిరగతా ఉండాది, గాలి రాలా. అట్లుండాది లోపల. అమ్మ కోసం అన్ని రోజులు ఉపవాసం ఉంటి గదా. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఎదురుగా ఎవరూ ఉన్నట్టు లేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

జోయల్ అప్పటికప్పుడు ఆమె కోసం ప్రార్థన చేశాడు. మంచి ప్రార్థనే. ఆమె ఆమెన్ అని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు. మధ్యాహ్నం అంగట్లో మోటారు విప్పుతూ జోయల్ ప్రార్థన అంశాలు ఫోనులో కొట్టాడు. దొరస్వామి మామ మోకాళ్ళ నొప్పి. ఒకరి పరీక్షలు. మూడోది: "మన సంఘంలో పాటలు నడిపించే సహోదరి విశ్వాసంలో చల్లబడింది. ప్రభువు ఆమెను మళ్ళీ వెలిగించేలా అందరూ భారంతో ప్రార్థించండి." పేరు రాయలేదు. ఆ జాగ్రత్త తీసుకున్నాను గదా అనుకున్నాడు. పాటలు నడిపించే సహోదరి ఆ సంఘానికి ఒక్కతే.

చేతులు జోడించిన బొమ్మలు ఇరవై ఏడు వచ్చాయి. సాయంత్రానికి సంఘ పెద్ద దొరస్వామి ఆరుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, నూనె సీసాతో జెస్సీ ఇంటికి పోయాడు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయన ప్రార్థన చేస్తే రేకులు అదురుతాయి. పని నుంచి అప్పుడే వచ్చిన పిల్లను చాప మీద కూర్చోబెట్టి, నెత్తిన నూనె పెట్టి, అవిశ్వాసపు ఆత్మను గద్దించాడు. వీధిలో వాళ్ళంతా గుమ్మం దగ్గర మూగారు.

ఏడు గంటలకు గ్రూపులో ఒక చిన్న వాక్యం వచ్చింది. జెస్సీ గ్రూపు నుంచి వెళ్ళిపోయింది.

ఆదివారం పాటలు దొరస్వామే నడిపించాడు. ఆయనొక దారి, తబలా ఒక దారి. జోయల్ ఫోను చేస్తే జెస్సీ ఎత్తలేదు. అంతకన్నా అతన్ని కలవరపెట్టింది యువకుల కూటం. ప్రార్థన విన్నపాలు చెప్పమని అడిగితే ఒకడు "పరీక్షలన్నా" అన్నాడు. ఇంకొకడు "జలుబన్నా" అన్నాడు. మూడోవాడూ జలుబే అన్నాడు. మొన్నటి దాకా గుండెలు విప్పిన పిల్లలు. ఆ ఎండాకాలంలో అందరికీ ఒక్కసారే జలుబు చేసింది.

సోమవారం అంగట్లో మునిశేఖర్ బీడీ ముట్టించి, "ఏం పాస్టరూ, ఇడ్లీలక్క కూతురికి దయ్యం పట్టిందంట గదా" అన్నాడు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"మా ఆడామె. ఆమెకెవరు చెప్పినారో నాకు తెల్దు. పుత్తూరు దాకా వచ్చేసిందంటే చూసుకో."

"దయ్యం కాదు, ఏమీ కాదబ్బా. ఆ పాప కోసం ప్రార్థన చేయమని పెట్నా. అంతే."

మునిశేఖర్ బీడీతో మూల చూపించాడు. అక్కడ పాత గోనెపట్టా కింద ఒక గ్రైండర్ ఉంది. జెస్సీ వాళ్ళమ్మ ఇడ్లీ పిండి రుబ్బిన గ్రైండర్. మోటారు కాలిపోయిందని నాలుగు నెలల కిందట జెస్సీ ఆటోలో వేసుకొచ్చి దించింది. "ఆ పాప సొంతంగా తెచ్చిచ్చింది ఈడ పడుండాది నాలుగు నెల్లుగా. అడిగితే కూటమంటావు, శిబిరమంటావు. గ్రూపులో మటుకు నాలుగు నిమిషాల్లో పెడితివే."

అంతకుముందు వందసార్లు జోయల్ మునిశేఖర్ ఎగతాళికి నవ్వాడు. ఈసారి నవ్వు రాలేదు.

సాయంత్రం ఇంటికి పోయి, శనగలు చెరుగుతున్న తల్లి ఎదుట కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం అందరి ముందర మైకులో తప్పు ఒప్పుకుంటానమ్మా. జెస్సీ నమ్మి చెప్పిన మాట బయట పెట్నానని చెప్తా. క్షమాపణ అడగతా."

తిరుమలమ్మ చేట ఆపలేదు. "మళ్ళా మైకులోనా?"

"తప్పు చేసింది అందరిలోనే గదా."

"నీకు బరువు దిగుతాది. ఆ బిడ్డ పేరు ఇంకో వారం ఊరంతా నములుతారు. నీ తప్పు చెప్పుకోడానికి గూడా ఆ బిడ్డే కావల్సి వచ్చిందా?" చేటలో పొట్టు ఊదింది. "మీ నాయన ఇరవై రెండేండ్లు ఆ రాయి మీద కూర్చున్నాడు. లోపలికి యాల రావని ఒక్కసారి అడిగినా. 'అడగబాక మ్మే' అన్నాడు. అడగలా. ఆయప్పకూ దేవుడికీ మధ్యలో ఏముండాదో నాకేం తెలుసు. సైకిలు మటుకు ఒక్క ఆదివారం ఆగలా."

మరునాడు పొద్దున్నే జోయల్ గ్రైండర్ మోటారు విప్పాడు. మాడిపోయిన తీగంతా లాగేశాడు. తీగ కూర్చునే ఇనప గాడుల్లో కొత్త కాగితం దూర్చాడు. ఎంత మంచి తీగైనా దానికీ ఇనుముకూ మధ్యలో ఆ కాగితం లేకపోతే మొదటిరోజే కాలిపోతుందని పనిలో చేరినప్పుడు అతనికి మొదట నేర్పింది మునిశేఖరే. రెండు రోజులు ఆ ఒక్క మోటారే చుట్టాడు. మునిశేఖర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

గురువారం సాయంత్రం మోటారు బిగించిన గ్రైండర్‌ను ఆటోలో వేసుకుని జెస్సీ ఇంటికి పోయాడు. తలుపు తీసింది జెస్సీయే. అతన్ని చూసి, అతని వెనక ఇంకెవరున్నారోనని చూసింది. ఆ చూపు జోయల్‌కు తగలాల్సిన చోటే తగిలింది.

"ఒక్కడే వచ్చినానమ్మా."

"ప్రార్థన చేయడానికైతే వద్దన్నా."

"చేయను. గ్రైండర్ తెచ్చినా."

లోపల పెట్టి, ప్లగ్గు గుచ్చి, స్విచ్చి వేశాడు. గుండ్రాళ్ళు కదిలాయి. వంటింటి మూల నుంచి ఆ చప్పుడు వినపడగానే అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. జెస్సీ గోడకానుకుని వింటూ నిలబడింది. చాలాసేపు ఎవరూ స్విచ్చి ఆపలేదు.

"నీ మాట నేను దాచిపెట్టాల్సింది" అన్నాడు జోయల్. "నీ కోసమే పెట్నానని వారం రోజులుగా నాకు నేనే చెప్పుకుంటి. అది గాదు. నీకు ఏం జవాబు చెప్పాల్నో నాకు తెల్లేదు. తెల్లేదని చెప్పడానికి సిగ్గుపడి, అరవై మంది మీద వేసేసినా. తప్పు నాది. క్షమించమని అడిగే దానికి వచ్చినా."

"మొదటే తెల్దని చెప్పుంటే సరిపోయేది గదన్నా" అంది జెస్సీ. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "నూనె ఇంకా పోలా తలలోంచి. మూడుసార్లు షాంపూ పెట్టినా."

అవ్వ కిసుక్కున నవ్వింది. "దొరసామి సీసా అంతా పోసేసినాడు నాయనా. బజ్జీలు ఏస్తాడేమో అనుకుంటి." జెస్సీ నవ్వలేదు గానీ, స్టవ్వు మీద టీకి నీళ్ళు పెట్టింది. జోయల్ టీ తాగి, ప్రార్థన చేయకుండా లేచాడు. తొమ్మిదేళ్ళలో ఒక ఇంట్లో టీ తాగి, ప్రార్థన చేయకుండా గుమ్మం దాటడం అదే మొదటిసారి. ఏదో మరిచిపోయినవాడిలా వీధి మలుపు దాకా రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు ఊపుతూ చర్చి చుట్టూ తిరుగుతుండగా, వేపచెట్టు కింద రాతి మీద జెస్సీ కూర్చుని కనిపించింది. లోపలికి రాలేదు. ఆమెను లోపలికి పిలవడానికి దొరస్వామి లేవబోతే జోయల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మామా. మా నాయన చోటది. కూర్చోనీ."

ఆ మాటకు దొరస్వామి ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

గుడ్ ఫ్రైడే రోజున సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరించడం అన్ని చర్చిల్లాగే అక్కడా ఆనవాయితీ. ఎవరికి ఏ మాటో పంచే పని ఆ ఏడు జోయల్ మీద పడింది. క్షమించమన్న మొదటి మాటకు ముగ్గురు పోటీ. పక్క సిలువ మీది దొంగకు మాటిచ్చిన రెండో దానికి ఇద్దరు. నా దేవా, నన్నెందుకు వదిలేశావని అడిగిన నాలుగో మాట మటుకు ఎవరికీ వద్దు. దాన్ని ఏటా పెద్ద అయ్యగారే తీసుకుని, గ్రీకూ హెబ్రీ చెప్పి దాటించేవారు. ఆ ఏడు ఆయనకు తిరుపతిలో ఇంకో కూటం ఉంది. జోయల్ దాని ఎదుట తన పేరే రాసుకున్నాడు. మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నా ఒక్క ముక్క రాలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోనులో మెసేజి వచ్చింది. జెస్సీ. "నాలుగో మాట ఎవరికిచ్చినావన్నా?"

"నేనే పెట్టుకున్నా. ఏం చెప్పాల్నో తెల్లేదు."

కాసేపటికి: "నాకిస్తావా? అయిదు నిమిషాలు చాలు. ఎవరికీ ముందుగా చెప్పొద్దు."

జోయల్ ఎవరికీ చెప్పలేదు. రెబెకాకు కూడా చెప్పలేదు. అది దాచుకోవడం అతనికి ఎంత కష్టమైందంటే, గురువారమంతా అంగట్లో నోరు మెదపలేదు. "ఏం పాస్టరూ, పళ్ళు నొప్పా?" అన్నాడు మునిశేఖర్.

శుక్రవారం మూడో మాట అయ్యేసరికి ఒంటిగంటన్నర. రేకులు పెనంలా కాలుతున్నాయి. జోయల్ లేచి, "నాలుగో మాట" అని మాత్రం అన్నాడు. వేపచెట్టు కింది నుంచి జెస్సీ లేచి లోపలికి నడిచి వచ్చింది. విసనకర్రలు ఆగిపోయాయి.

"ఈ మాట ప్రభువు అడిగినాడు" అంది. "దేవుడు లేడనుకున్నోడైతే అడగడు. ఉన్నాడనుకున్నోడే అడగతాడు. దానికి జవాబు వచ్చినట్టు రాసి లేదు. నేను రెండు మూడుసార్లు ఎతికినా. మా అమ్మ కోసం నేను గూడా అడిగినా. నాకూ జవాబు రాలా. ఇప్పటిగ్గూడా రాలా. మిగతా ఆరు మాటలూ నావి అని చెప్పలేను. ఇదొకటి మటుకు నాది గూడా. ఇది ఆయన నోట్లోంచి రాకపోయుంటే నేనీ పొద్దు ఈడికి వచ్చుండను. అంతే."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె మళ్ళీ బయటికి పోతుందేమోనని జోయల్ చూశాడు. గుమ్మం దాకా పోయింది. అక్కడ చెప్పుల దగ్గర ఖాళీగా ఉన్న చాప చివర కూర్చుంది. లోపలా కాదు, బయటా కాదు. అయిదో మాట మొదలైంది.

మూడు గంటలకు అందరూ వెళ్ళిపోయారు. జోయల్ చాపలు చుడుతుంటే దొరస్వామి వెనక నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె సీసా లేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఆ పాపకు తర్వాత క్షమాపణ చెప్పుకుంటాలే" అన్నాడు. "నీతో ఇంకో మాట ఉండాది జోయలూ. గ్రూపులో పెట్టబాకు."

"పెట్టను మామా."

"మా పిల్లోడు లారీ కింద పడి పదకొండేండ్లయింది. నేను గట్టిగా ప్రార్థన చేస్తానని అందరూ అంటారే..." ఆయన గొంతు ఎప్పుడూ లేనంత తగ్గింది. "గట్టిగా చేస్తే లోపలిది వినపడదప్పా. దానికే."

జోయల్ నోటిదాకా ప్రార్థన చేద్దాం మామా అన్న మాట వచ్చింది. దాన్ని మింగాడు. ఫోను తీసి కిటికీలో బోర్లా పెట్టాడు. సగం చుట్టిన చాపను మళ్ళీ నేల మీద పరిచి, ముందు తనే కూర్చుని, పక్కన చోటు చూపించాడు.