కేబులు చివరి బిళ్ళ

నా ఉద్యోగపు చివరి ఏడాది, ఎండలు మొదలైన రోజుల్లో, సికింద్రాబాద్ శాఖ నుంచి నన్ను సీతాఫల్‌మండిలోని ఒక స్కానింగ్ సెంటరుకు పంపారు. నేను టేపు డ్రైవుల, అంటే కంప్యూటర్ సమాచారం దాచే టేపులను చదివే యంత్రాల, సర్వీస్ ఇంజనీరుని. ఆ మాట వింటే కొత్తగా చేరిన పిల్లలు నన్ను మ్యూజియంలో వస్తువులా చూసేవారు.

పాత టేపులోంచి ఒక స్కాన్ బొమ్మ తీయాలి. పద్మారావు నగర్‌లో ఉండే రిటైర్డ్ టీచరు పార్వతమ్మ గారి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. ఏళ్ళ కిందట ఇక్కడే తీయించుకున్న స్కానులోనూ అది అంతే ఉంటే ఆపరేషన్ అక్కర్లేదని, కొత్తగా వచ్చిందైతే తప్పదని డాక్టరు చెప్పారట. ఆవిడ టెక్నీషియన్ యాదగిరి బల్ల పక్కనే కూర్చుని ఉన్నారు.

కొత్త డ్రైవులు కొన్ని తరాల వెనకటి టేపుల వరకే చదువుతాయి. ఇది అంతకన్నా పాతది. అందుకే స్టోర్‌రూములోంచి పాత డ్రైవునే దింపించాను. దానిది స్కజీ అనే వెడల్పాటి కనెక్షను. ఇప్పటి కంప్యూటర్లకు అది ఉండదు. నా సంచిలో ఉన్న కార్డూ కేబులూ బిగించాను. తెర మీద డ్రైవు పేరు కనబడింది, మాయమైంది, మళ్ళీ కనబడింది.

"ఏంది మేడమ్, గిట్లొస్తది, గిట్ల పోతది. ఖరాబైందా?" అన్నాడు యాదగిరి.

డ్రైవు బాగానే ఉంది. స్కజీ వరసలో చివర టర్మినేటర్ అనే బిళ్ళ ఉండాలి. కేబులు చివరికి చేరిన సంకేతాన్ని అది మింగేస్తుంది. లేకపోతే ఆ సంకేతం ఖాళీ గదిలో మాటలా వెనక్కి తిరిగొచ్చి, వెనకాల వచ్చేవాటిని చెడగొడుతుంది. నా దగ్గరున్న బిళ్ళ వేరే రకం పిన్నులది, ఇందులో కూర్చోలేదు. రెజిమెంటల్ బజార్‌లో తెలిసిన దుకాణానికి ఫోన్ చేస్తే, అవన్నీ ఎప్పుడో తుక్కులో పోయాయన్నారు.

నాకు బెంగ పట్టుకుంది. ఆ మధ్యాహ్నం నాకు కలలాగే గుర్తుంది. తెరలు దించిన చల్లటి గది, ఏసీ జోల, డ్రైవు మీద నెమ్మదిగా ఆరి వెలిగే పచ్చ దీపం. పార్వతమ్మ గారు యాదగిరి బల్ల మీంచి తీసుకున్న దేన్నో అరచేతిలో తిప్పుతూ దీపాన్నే చూస్తున్నారు. నేను ఆ చేతిని చాలాసేపు చూశాకగాని, అందులో ఉన్నది నాకు కావాల్సిన బిళ్ళేనని నా బుర్రకెక్కలేదు. అదెక్కడిదని అడిగాను.

"గది కాయితాలెగరకుండ పెట్టుకున్నది మేడమ్," అన్నాడు యాదగిరి. "పాత డబ్బా ఎనక ఉండె. ఉత్తదే గదా అని పీకిన."

"ఏటమ్మా, దీనికోసమా ఎతుకుతున్నారు? ఇందాకట్నుంచి నా చేతిలోనే ఉందే," అన్నారావిడ.

బిళ్ళ వెచ్చగా ఉంది. తగిలించాను. డ్రైవు పేరు తెర మీద నిలబడిపోయింది. టేపు సన్నగా పాడుతూ తిరిగింది. చాలాసేపటికి బొమ్మ పైనుంచి కిందికి, పొగమంచులోంచి ఊరు తేలినట్టు తేలింది. డాక్టరు వచ్చి రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి కొలిచారు. అదే మచ్చ, అదే కొలత. ఆపరేషన్ వద్దన్నారు.

"అయితే ఇంటికెళ్ళి అన్నం తింటాను. పొద్దున్నుంచి ముద్ద దిగలేదు," అన్నారు పార్వతమ్మ గారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

టేపు భద్రంగా ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. దాన్ని చదివే డ్రైవు, కార్డు, కేబులు, చివరి బిళ్ళ, అన్నీ ఒకే పెట్టెలో ఉండాలి. ఆ సాయంత్రమే అలా సర్ది, పెట్టె మీద పేరు రాసి వచ్చాను. కాగితాల మీదికి యాదగిరి ఒక గులకరాయి తెచ్చుకున్నాడు.