తవుడు మరిగిన కోడె

మా ఊరి మందలో తిరిగే ఆబోతు ముసలిదైపోయింది. దాని చోటికి ఏ ఇంటి కోడెను వదలాలో ఊరంతా కూర్చుని తేలుస్తుంది. అలా వదిలిన కోడె ఎవరి చేలో మేసినా కర్ర ఎత్తరు. పెంచిన ఇల్లాలే దాని నుదుట బొట్టు పెట్టి మందలోకి తోలుతుంది. ఈసారి ఆ బొట్టు నా చేత్తో పెట్టాలని నాకు ఆశ. ఆశ కాదు, పిచ్చి.

అందుకే మా కోడెను అడవి మేతకు పంపలేదు. ముళ్లు గీరుకుంటాయని, చిక్కిపోతాడని వంకలు పెట్టాను. వాకిట్లోనే కట్టేసి తవుడు, నానబెట్టిన ఉలవలు పెట్టి మేపాను. వాడు నిగనిగలాడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "మీ కోడె గంత బక్కగున్నదేంది వదినా?" అని పక్కింటామెను ఆటపట్టించాను కూడా.

దమ్మపేట వైపు నుంచి పశువుల డాక్టరమ్మ పరీక్ష చేయడానికి వచ్చిన రోజు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. ముందు వాడిని నడిపించి చూసింది. రాళ్ల మీద కుంటుతూ నడిచాడు. తిరుగుడు లేక గిట్టలు పొడుగ్గా పెరిగాయట. తర్వాత వెనక నిలబడి వృషణాలు తడిమి, టేపుతో కొలిచి, "సంచి నిండ కొవ్వేనమ్మా" అంది.

ఆఖరికి ఎదకొచ్చిన ఆవును తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. వాడు దాన్ని ఒకసారి వాసన చూశాడు. తర్వాత గుంపులో నన్ను వెతుక్కుంటూ తిన్నగా వచ్చి నా చెయ్యి నాకడం మొదలుపెట్టాడు. తవుడు పెట్టే వేళైంది మరి.

అందరూ పగలబడి నవ్వారు. "కోడెను పెంచుతున్ననని కొడుకును పెంచింది" అన్నాడు ఊరి పెద్దాయన. పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకుంది. సిగ్గుతో ఒళ్లు మండిపోయి వాడి మూతి మీద ఫెడీమని కొట్టాను. వాడు తిండి కోసమే చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ కొట్టాను.

"విత్తులు కొట్టించి అరకకు కట్టుర్రి ఇగ" అన్నారెవరో.

"ఆగుర్రి. కోడెది తప్పు లేదు, మేపుడు ఎక్కువైంది" అంది డాక్టరమ్మ. "తవుడు బంద్ చేసి మందల తోలుర్రి. వానలు పోయినంక మళ్ల చూస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే మీ ఇష్టం."

మర్నాడే తోలేశాను. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు తలుపేసుకునేదాన్ని. వాడు వాకిట్లో నిలబడి అరిచేవాడు. ఆ అరుపు ఎవరి చెవిన పడుతుందోనని చచ్చేంత సిగ్గేసేది. జాలి పడాల్సిన చోట సిగ్గుపడ్డాను. కొన్నాళ్లకు వాడు అరవడం మానేశాడు.

వానలు వెనకపట్టాక డాక్టరమ్మ వచ్చింది. వాడు సన్నబడ్డాడు, నడక తీరుగా ఉంది. ఈసారి ఆవును చూడగానే నావైపు తిరగనైనా లేదు. ఆమె వాడి వీర్యం చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, "పనికొస్తడు" అంది.

"అవ్, ఇగ వీడు ఊరి కోడె. బొట్టు పెట్టు బిడ్డా" అన్నాడు పెద్దాయన.

కుంకుమ వేలికి అద్దుకుని చెయ్యి ఎత్తాను. వాడు కళ్లు గట్టిగా మూసుకుని తల వెనక్కి లాక్కున్నాడు.

"సిగ్గుపడుతుండు" అని ఎవరో అంటే మళ్లీ అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కుంకుమ భరిణె పక్కింటామె చేతికిచ్చాను. ఆమె బొట్టు పెడుతుంటే వాడు కదలకుండా నిలబడ్డాడు.