ఏ పాకమో చెప్పని వారపత్రిక

ఆ రోజుల్లో మా చిక్కడపల్లిలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి గాని, వారపత్రికలో ఇంటి చిట్కాలు మాత్రం ఒక్క వారం కూడా తప్పేవి కావు. నిమ్మతొక్కలతో ఇత్తడి సామాను తోముకోవడం, బియ్యం కడుగునీళ్లతో జుట్టు పెంచుకోవడం, పాత చీరతో గుమ్మం ముందు కాళ్లపట్టా అల్లుకోవడం. ఖర్చు లేదు, కష్టం లేదు, ఎవరైనా చేసుకోవచ్చు అని పైన రాసేవారు. కింద వాక్యానికొక 'తగినంత', ఒక 'కొద్దిగా', ఒక 'కాసేపు'. ఎవరికి తగినంత? కాసేపంటే పాలు పొంగే కాసేపా, పప్పు ఉడికే కాసేపా? బియ్యం కొలిచేటప్పుడు గ్లాసు మీద వేలితో గీసి, ఎక్కువైన గింజలు డబ్బాలోకి తోసేసే మనిషిని నేను. ఆ మాటలు చూస్తే నాకు అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది. వయసుతో కోపం తగ్గుతుందంటారు. నా మీద ఆ చిట్కా కూడా పనిచేయలేదు.

అప్పుడే టైపు పరీక్ష పాసయ్యాను. నారాయణగూడలో ఒక ఆఫీసులో టైపిస్టు ఖాళీ ఒక్కటి ఉందని, పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. ఆ ఉద్యోగం వస్తే సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుకోవచ్చు. రాకపోతే మా మేనమామ బట్టల దుకాణంలో కూర్చుని బిల్లులు రాయాలి. మేనమామ మంచివాడే, కానీ పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు మొదలుపెట్టిన అరుపు మళ్లీ షట్టర్ దించేదాకా ఆపేవాడు కాదు. అందుకని ఇంట్లో పీట మీద వేళ్లు ఆడిస్తూ కూడా సాధన చేశాను. నా వేళ్ల గురించి నాకు ఏ భయమూ లేదు. భయం పెట్టింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పక్క వాటాలోనే కిరాయికి ఉండేది, ఆ వారపత్రికను అట్టతో సహా నమ్మేది. పరీక్ష రోజు తెల్లవారగానే వచ్చి నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏందే ఈ చేతులు, ఎలుగుబంటి లెక్క? టైపు కొట్టేటప్పుడు అందరి కండ్లు చేతుల మీదనే ఉంటయి. గీ చేతులు చూసి ఎవరిస్తరే నౌకరి?"

(అంతకు ముందు నాకు చేతుల మీద వెంట్రుకలు ఉన్న సంగతే పట్టలేదు. ఆ మాట విన్న తర్వాత అవి తప్ప ఇంకేమీ కనబడలేదు.)

చిన్నమ్మ చంకలోంచి పత్రిక తీసింది. చక్కెర, నిమ్మరసం, నీళ్లు. పాకం వచ్చాక దించి, కొద్దిగా చల్లారాక చేతికి రాసి, గుడ్డ అతికించి, ఒక్కసారిగా లాగాలి. ఆ పూటంతా నీళ్లు తగలనీయరాదు.

"ఏ పాకమో రాయలేదు గద చిన్నమ్మా. గులాబ్‌జాంకు ఒకటి, లడ్డుకు ఒకటి, అరిసెలకు ఒకటి."

"పాకమంటే పాకమే. గట్టిగ పట్టాలంటే పల్లీపట్టి పాకం తియ్యాలె. ఆ మాత్రం తెల్వదా?"

నేను ఇంకా అడగాల్సింది. కానీ అది అచ్చులో ఉన్న మాట, పైగా చిన్నమ్మ పల్లీపట్టి బస్తీ మొత్తానికి పేరు మోసింది. రేషన్ చక్కెర పొయ్యి మీదికెక్కింది. చన్నీళ్లలో చుక్క వేసి, ఆ ఉండను గిన్నెకు కొడితే టంగుమంది. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. పత్రిక చెప్పినట్టే 'కొద్దిగా' చల్లారనిచ్చి, అట్లకాడతో నా ఎడమ చేతి మీద పూసి, నాన్న పాత లుంగీ చింపి అతికించి, గట్టిగా నొక్కింది. లాగడానికి చూసేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా గాజుపలకలాగా బిగిసిపోయింది.

"ఒక్కసారిగ లాగమన్నరు గదనే, జర ఓర్చుకో."

"లాగితే చెయ్యే వస్తది చిన్నమ్మా."

కొబ్బరినూనె పోసింది. గాజుపలక నిగనిగలాడింది, అంతే. నీళ్లు పోద్దామని మా అమ్మ అంటే చిన్నమ్మ పత్రిక చూపించింది. పత్రిక ఒప్పుకున్నా లాభం లేదు, ఆ రోజు నల్లా వచ్చే రోజు కాదు. ఉన్న బిందెడూ వంటకు. టైము మించిపోతుంటే కొంగు చేతికి చుట్టుకుని బయలుదేరాను.

మంచి ఎండాకాలం. నడక, చెమట, కంగారు. పల్లీపట్టి పాకం తేనె పాకంలోకి దిగడం మొదలైంది. నారాయణగూడ మార్కెట్ దాటేసరికి ఈగలు నాతోపాటు పరీక్షకు వస్తున్నాయి. (నాకు తెలిసి ఆ రోజు హాల్‌టికెట్ లేకుండా లోపలికి వెళ్లినవి అవే.) మిషన్ ముందు కూర్చుని కొంగు విప్పేసరికి ఒక ధార మణికట్టు దాటి చిటికెన వేలికి చేరింది. చిటికెన వేలు కొట్టే అక్షరం ఇంగ్లీషులో రెండు మాటలకొకసారి వస్తుంది. మూడో లైను కొడుతుండగా ఆ మీట కిందికి పోయింది, మళ్లీ పైకి రాలేదు.

పరీక్ష పెట్టే ఆఫీసరమ్మ లేచి వచ్చారు. గంజి పెట్టిన చీర, కళ్లద్దాలు.

"ఏందమ్మా, మిషన్ల ఏం పడ్డది?"

"పాకం మేడం."

"ఏం పాకం?"

తెల్లవారినప్పటి నుంచి నేను అడుగుతున్న ప్రశ్నను చివరికి ఒక చదువుకున్న మనిషి అడిగారు. "పల్లీపట్టి పాకం మేడం" అన్నాను. ఆమె నా చెయ్యి చూశారు, లుంగీ గుడ్డ చూశారు. మీటను పైకి లేపడానికి వంగారు. అప్పుడు కనిపించింది ఆమె చెయ్యి. గడియారం పట్టీ చుట్టూ వెంట్రుకలు నల్లగా, ఒత్తుగా, నాకంటే దట్టంగా ఉన్నాయి.

"పో, వెనక నల్లా ఉన్నది, కడుక్కోని రా."

చెంబెడు నీళ్లకు గుడ్డ దానంతటదే జారి కింద పడింది. ఒక్క వెంట్రుక కూడా రాలేదు. తిరిగి వచ్చేసరికి గంట కొట్టారు. ఉద్యోగం వేరే అమ్మాయికి పోయింది, నేను మేనమామ అరుపుల కిందికి పోయాను. అక్కడి నుంచి బయటపడి ఇంకో ఆఫీసులో టైపిస్టునయ్యేదాకా సాయంత్రం కాలేజీ ఊసు లేదు.

పత్రికకు ఉత్తరం రాశాను. ఏ పాకమో, ఎంత సేపో, ఎన్ని నీళ్లో కొలతలతో సహా రాయొద్దా అని, చివరికి చెంబెడు నీళ్లకే ఊడిందని, ఎంత మర్యాదగా తిట్టవచ్చో అంత మర్యాదగా తిట్టాను. వాళ్లు దాన్ని పాఠకురాలి చిట్కాగా అచ్చేశారు: 'చేతికి పాకం అంటుకుంటే తగినన్ని నీళ్లతో కాసేపు కడగండి.' బహుమతిగా స్టీలు గ్లాసు పంపించారు. ఆ గ్లాసుతోనే ఇప్పటికీ బియ్యం కొలుస్తాను, కొలిచినప్పుడల్లా తిడతాను.

ఇప్పుడు అశోక్ నగర్లో మా పక్క బిల్డింగు ఆడపిల్లల హాస్టల్. అందులో ఉండి పరీక్షలకు చదివే పాలమూరు పిల్ల ఒకతి మొన్న ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అమ్మమ్మా, జర చక్కెర ఉన్నదా? రేపు ఇంటర్వ్యూ. వాక్సింగ్ ఇంట్లనే చేసుకోవచ్చట, మస్తు ఈజీ."

"ఎంత చక్కెర?"

"కొంచెం."

"ఎంతసేపు మరగాలట?"

"మంచి కలర్ వచ్చేదాక అన్నడు వీడియోల."

"ఏ రంగు?"

"మంచి కలర్ అమ్మమ్మా."

పత్రిక పోయి ఫోన్ వచ్చింది, ఆ దిక్కుమాలిన కొలతలు మాత్రం అవే. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను, కోపంతో గొంతు బొంగురు పోయేదాకా. పిల్ల నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తర్వాత ఆలోచనలో పడింది.

"మరి అన్ని వెంట్రుకలతోని ఆ మేడంకు ఎట్లొచ్చింది నౌకరి?"

"పని చేతనై."

పిల్ల తన చేతులు ఒకసారి చూసుకుంది. "ఆ చక్కెర చాయల ఎయ్యి అమ్మమ్మా" అంది. చాయ గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుని నిమిరింది.

"నీ చేతులు మాత్రం మస్తు నున్నగున్నయి. ఏం రాస్తవు?"

అప్పుడు నేనూ చూసుకున్నాను. ఎప్పుడు పోయాయో, చిన్నమ్మ ఎలుగుబంటితో పోల్చిన ఆ వెంట్రుకలు ఒక్కటీ లేవు. ముడతలు పడ్డ పల్చటి చర్మం, అంతే.

"ఏమీ రాయలేదు. వాటంతటవే పోయినయి."

"ఎంతసేపు పట్టింది?" అని అల్లరిగా అడిగింది.

"కాసేపే" అన్నాను.