విడవని వేళ్లు

ఆ సీజన్‌లో రెండో టోర్నమెంటు, మూడో రౌండులో మొదటిసారి నా చెయ్యి ఆగిపోయింది. జూబ్లీహిల్స్‌లో ఒక క్లబ్బు పై అంతస్తు హాలు, ఆదివారం ఉదయం. గీత దగ్గర నిలబడి మోచెయ్యి మడిచాను. డార్ట్ కంటి పక్కకు వచ్చింది. చెయ్యి ముందుకు వెళ్లింది కానీ వేళ్లు విడవలేదు. వెనక్కి తెచ్చి మళ్లీ విసరబోయాను. అప్పుడూ విడవలేదు. నాలుగోసారి బలవంతాన వేళ్లు తెరిస్తే డార్ట్ బోర్డు దాకా వెళ్లకుండా మధ్యలోనే నేల మీద పడింది. స్కోరు చెప్పే అంపైరు నా వైపు ఒక్క క్షణం చూసి, సున్నా అన్నారు.

ఆ ఆట ఓడిపోయాను. ఏమైందని అడిగిన వాళ్లకి చెమటకి జారిందని చెప్పాను. ఇంటికొచ్చాక మా ఆయనకీ అదే చెప్పాను. హాల్లో ఏసీ చల్లగా ఉందన్న సంగతి ఆయనకి తెలియదు కాబట్టి నమ్మారు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. పెళ్లయి గోదావరి జిల్లా నుంచి మోతీనగర్ వచ్చిన రెండేళ్లకి ఫిల్మ్‌నగర్‌లో పని దొరికింది. కథానాయికల స్నేహితురాళ్లకీ, వదినలకీ, ఆఫీసు సీన్లలో వెనక కూర్చునే వాళ్లకీ పదహారేళ్లుగా గొంతు ఇస్తున్నాను. నా వంతు వచ్చేదాకా డబ్బింగ్ థియేటర్ బయట గంటల తరబడి కూర్చోవాలి. అక్కడ గోడకి ఎవరో తగిలించిన డార్ట్ బోర్డు ఉండేది. ఊరికే కూర్చోలేక మొదలుపెట్టాను. మూడేళ్లు తిరిగేసరికి రాష్ట్ర ర్యాంకింగ్ టోర్నమెంట్లలో ఆడుతున్నాను.

ఆటలోకి నన్ను నిజంగా దింపింది మేస్త్రి గారు. షేక్‌పేట ఆయనది. సినిమా సెట్లు వేసే వడ్రంగి. థర్మాకోల్ స్తంభాలు, ప్లైవుడ్ గుమ్మాలు పేర్చి ఉన్న గోడౌన్‌లో ఒక మూల సొంత బోర్డు పెట్టుకున్నారు. నేల నుంచి బోర్డు నడిమి చుక్క దాకా అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. బోర్డు నుంచి గీత దాకా ఏడడుగుల తొమ్మిదింపావు అంగుళాలు. ఆ పావు అంగుళాన్ని కూడా టేపుతో కొలిచి గీశారు. మేమందరం డార్ట్స్ అనేవాటిని ఆయన సూదులు అనేవారు. అప్పటికి ఆయనకి యాభై తొమ్మిదేళ్లు. ఎనిమిదేళ్లుగా ఆడుతున్నా రాష్ట్రం దాటి ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ ఏడాది నాలుగు టోర్నమెంట్లు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే పోటీ. నాలుగింటిలో వచ్చిన పాయింట్లు కలిపి మొదటి నలుగురిని జాతీయ క్వాలిఫయర్‌కి పంపుతారు. అక్కడ చివరిదాకా నిలిచిన ఇద్దరికి విదేశంలో జరిగే ప్రొఫెషనల్ టూర్ అర్హత పోటీలో ఆడే అవకాశం వస్తుంది. మొదటి టోర్నమెంటులో నేను సెమీఫైనల్ దాకా వెళ్లాను. రెండోదాంట్లో ఇలా జరిగింది.

మర్నాడు గోడౌన్‌కి వెళ్లి ఏమీ జరగనట్టు ఆడబోయాను. పదిహేను డార్ట్‌లు బాగానే వెళ్లాయి. పదహారోది వేళ్లకి అతుక్కుంది. మేస్త్రి గారు చేస్తున్న పని ఆపి కాసేపు చూశారు.

"చెమట కాదమ్మా అది," అన్నారు. "నీ చెయ్యి నీ మాట ఇంటలేదు. గిది దాచిపెడ్తె తగ్గదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఈ జబ్బు చాలామంది ఆటగాళ్లకి వస్తుందనీ, కొందరు దీనివల్లే ఆట మానేశారనీ ఆయనే చెప్పారు. చేతిలో లోపమేమీ ఉండదట. తప్పిపోతుందేమోనన్న భయం వేళ్లలోకి దిగుతుందట. మందు ఏమిటని అడిగితే తనకి తెలియదన్నారు. ఆ నిజాయితీ నన్ను ఇంకా భయపెట్టింది.

మూడో టోర్నమెంటుకి నెల రోజులుంది. డబ్బింగ్‌లో డైలాగ్ ఎత్తుకునే ముందు నేను గాలి ఎలా తీసుకుంటానో ఒకరోజు మేస్త్రి గారు అడిగారు. తెర మీద పెదవి కదిలే లోపల గాలి లోపలుండాలి, పెదవితో పాటు బయటికి రావాలి అని చెప్పాను. అయితే సూది విడిచేటప్పుడు కూడా ఏదో ఒక మాట బయటికి అనమన్నారు. నోట్లోంచి మాట వెళ్తే చెయ్యి కూడా దాని వెంట వెళ్తుందేమో చూద్దామన్నారు. "పో" అనడం మొదలుపెట్టాను. చాలా చిన్నగా. నవ్వులాటగా ఉండేది కానీ పనిచేసింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు వేళ్లు విడిచేవి.

మూడో టోర్నమెంటులో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాను. అయితే నా సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎదుటి వాళ్లు కావాలని నెమ్మదిగా ఆడేవారు. బోర్డు దగ్గరికి తీరిగ్గా నడిచి, ఒక్కో డార్ట్ పీకి, తుడుచుకుని, మళ్లీ తీరిగ్గా వచ్చేవారు. ఆగినకొద్దీ నాకు భయం పెరుగుతుందని వాళ్లకి అర్థమైంది. ఆ నెలంతా థియేటర్లో మైకు ముందు కూడా కుడిచెయ్యి పిడికిలి బిగించుకునే నిలబడ్డాను. రెండుసార్లు డైలాగ్ ఎత్తుకోవడం తప్పాను. పదహారేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

మూడు టోర్నమెంట్లయ్యాక పాయింట్లు చూస్తే మొదటి మూడు స్థానాలు దాదాపు ఖాయమైపోయాయి. నాలుగో స్థానం కోసం మిగిలింది మేమిద్దరమే. మేస్త్రి గారూ, నేనూ. చివరి టోర్నమెంటు డ్రా వచ్చినప్పుడు చూస్తే, ఇద్దరం గెలుస్తూ వస్తే క్వార్టర్ ఫైనల్లో మాకు మేమే ఎదురుపడతాం.

అలాగే జరిగింది.

ఆయన కుడి కంట్లో శుక్లం ముదురుతోందని నాకు తెలుసు. రెండేళ్లుగా ఆపరేషన్ వాయిదా వేస్తున్నారు. బోర్డు అంచున ఉండే సన్నటి డబుల్ గడి తీగ కనపడేది ఈ ఒక్క ఏడాదేనని ఒకసారి మాటల్లో అన్నారు. ఆట మొదలవడానికి ముందు హాలు బయట వరండాలో టీ తాగుతుంటే ఆయనే నా దగ్గరికి వచ్చారు.

"ఇయ్యాల నేను నీకు మేస్త్రిని కాదు, ఎదురోణ్ణి. నాకు జాలి సూపకు. నేను సూప."

సరేనన్నాను.

అయిదు ఆటల్లో మూడు గెలిచినవాళ్లు ముందుకి వెళ్తారు. ఒక్కో ఆటా అయిదువందల ఒకటితో మొదలవుతుంది. కొట్టిన ప్రతి అంకె అందులోంచి తీసేస్తూ సరిగ్గా సున్నాకి రావాలి. చివరి డార్ట్ మాత్రం అంచున ఉన్న, అంకెకి రెట్టింపు వచ్చే డబుల్ గడిలోనే పడాలి. మొదటి రెండూ చెరొకటి గెలిచాం. మూడోది ఆయన గెలిచారు. నాలుగోదాని మధ్యలో అంపైరు ఆట ఆపారు. గీత దగ్గర నోటితో శబ్దం చేయకూడదని నాతో చెప్పారు. తనకేమీ ఇబ్బంది లేదని మేస్త్రి గారు వెంటనే అన్నారు. ఆయనకి ఇబ్బంది ఉందా లేదా అన్నది కాదు, నిబంధన నిబంధనేనన్నారు అంపైరు.

నా చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయం అది. నోరు మూసుకుని ముక్కుతో గాలి వదులుతూ విసిరాను. ఎలాగో నాలుగోది గెలిచాను. రెండు, రెండు.

అయిదో ఆటలో ముందుగా చివరికి వచ్చింది నేనే. ముప్పైరెండు మిగిలింది. డబుల్ పదహారు కొడితే చాలు. హాల్లో ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు కూడా వినపడింది. చెయ్యి ముందుకెళ్లింది, ఆగింది. వెనక్కి తెచ్చాను. మళ్లీ ఆగింది. మూడోసారి డార్ట్ జారి నా కాళ్ల ముందే పడింది. పడినది పడినట్టే లెక్క, తీసి మళ్లీ వేయడానికి లేదు. గీత వదిలి ఒక అడుగు వెనక్కి వేశాను. చెయ్యి దులుపుకుని మళ్లీ నిలబడ్డాను. రెండోది డబుల్ గడి దాకా పోకుండా మామూలు పదహారులో పడింది. మూడోది డబుల్ ఎనిమిది తీగకి బయట. పదహారు మిగిలింది.

మేస్త్రి గారికి నలభై. గోడౌన్‌లో ఆయన కళ్లు మూసుకుని కొట్టే డబుల్ ఇరవై. నేను పక్కకి తిరిగి నా డార్ట్‌ల రెక్కలు సరిచేసుకుంటున్నట్టు నటించాను. చప్పుడు విన్నాను, తలెత్తాను. మామూలు ఇరవైలో పడింది. తర్వాతి రెండూ డబుల్ పది తీగకి బయట పడ్డాయి. చివరిదానికీ తీగకీ మధ్య వెంట్రుక పట్టేంత సందు.

నేను గీత దగ్గరికి వచ్చాను. ఏమీ ఆలోచించలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఆయన కావాలనే తప్పించారేమో అనుకున్నాను. ఆ అనుమానం భయాన్ని పక్కకి నెట్టిందో ఏమో, వేళ్లు విడిచాయి. మొదటిది తీగ తాకి బయటికి పోయింది, రెండోది డబుల్ ఎనిమిదిలో దిగింది.

ఆయన చెయ్యి కలిపారు. సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

సెమీఫైనల్లో ఓడిపోయినా నాలుగో స్థానం నాదే అయింది. మూడో రోజున గోడౌన్‌కి వెళ్లాను. అడగకుండా ఉండలేకపోయాను. నాకోసం వదిలేశారా అన్నాను. ఆయన రంపం కింద పెట్టారు.

"కొట్టాలనే కొట్టిన. తీగ రెండుగా కనపడ్డది, తప్పిన. ఎనిమిదేండ్లు ఆడిన ఆటను దానం చేస్తనా నేను? ఓడినందుకు బాధ లేదు. గీ మాట నువ్వు అడిగినందుకున్నది."

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. గోడౌన్ దారిలో వెళ్తూ కూడా నేను లోపలికి వెళ్లే ధైర్యం చేయలేదు. ఇంట్లోనే తలుపు వెనక బోర్డు పెట్టుకుని ఆడాను. ఆయన నాకోసం ఓడిపోయారని నమ్మడం నాకు సుఖంగా ఉండిందని ఆ రోజుల్లో తెలిసింది. అలా అయితే నేను గెలవలేదు కాబట్టి, జాతీయ పోటీలో ఓడిపోయినా నాది తప్పు కాదు. నా భయానికి చాటుగా ఆయన ఆటని తక్కువ చేశాను.

వెళ్లి అదే మాట చెప్పాను. క్షమించమని అడిగాను. ఆయన వెంటనే కరగలేదు. బోర్డు చూపించి, ముందు ఆ డబుల్ ఎనిమిది ఇరవైసార్లు కొట్టి చూపించమన్నారు. నోరు మూసుకుని. కొట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆయన కుర్చీలోంచి లేవకుండా లెక్కపెట్టారు.

జాతీయ పోటీకి ఒక్కదాన్నే వెళ్లాను. మొదటి రెండు రౌండ్లు గెలిచాను. రెండోదాంట్లో చెయ్యి ఆగింది. మొదటిసారిలా గుండె జారలేదు. ఆగింది, ఆగనీ అనుకుని వెనక్కి వచ్చి, మళ్లీ నిలబడి విడిచాను. మూడో రౌండులో మా అమ్మాయి వయసున్న పిల్ల చేతిలో చిత్తుగా ఓడిపోయాను. ఆ పిల్ల డార్ట్‌లు ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగుతుంటే చూడటమే బాగుంది. చెయ్యి ఆగి కాదు, ఎదుటి మనిషి నాకంటే బాగా ఆడి ఓడించింది. ఆ తేడా ఎంత పెద్దదో హాల్లో ఒక కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్నప్పుడు తెలిసింది. టూర్ ఆశ అక్కడితో సరి.

స్టేషన్ నుంచి మేస్త్రి గారికి ఫోన్ చేశాను. అంతా విన్నారు. ఆ పిల్ల డార్ట్ ఎలా పట్టుకుంటుందో, ఏ కాలు ముందు పెడుతుందో అడిగి అడిగి చెప్పించుకున్నారు. అన్నీ అయ్యాక, కంటి ఆపరేషన్‌కి ఒప్పుకున్నానని చెప్పారు. వచ్చే గురువారం పొద్దున్నేనట. నెల రోజులు బరువెత్తకూడదని డాక్టరు అన్నారట. సూది బరువు కిందికి వస్తుందో రాదో అడగడం మర్చిపోయానన్నారు.

గురువారం పొద్దున నాకు డబ్బింగ్ ఉంది. మధ్యాహ్నానికి మార్పించుకున్నాను.